ఆ ఇంటి తలనొప్పి

పెద్దపిల్లను పోగొట్టుకున్న రోజున ఆస్పత్రి వరండాలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఎన్నాళ్ళ నుంచి రక్తం పోతోంది?"

"రక్తమేమిటండీ?" అన్నాడు తండ్రి. "మా అమ్మాయికి తలనొప్పి కదా!"

డాక్టరమ్మ అతని ముఖంలోకి చూసింది. తర్వాత తల్లి ముఖంలోకి చూసింది. తల్లి తల దించుకుంది. అప్పుడు అతనికి అర్థమైంది. అర్థమై చేయగలిగింది అప్పటికేమీ లేదు.

అది వేసవి సెలవులకు ముందు మాట. సెలవులు అయిపోయాయి, బళ్ళు తెరిచారు. ఈ శనివారం మధ్యాహ్నం అదే ఇంట్లో స్నానాలగది తలుపుకు లోపల గడియ పడి ఉంది. లోపల చిన్నపిల్ల ఉంది. కుళాయి ధారగా పోతోంది.

తల్లి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఒంటిపూట పని ముగించుకుని వచ్చేసరికి అత్తగారు ఆ తలుపు ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. భర్త కుర్చీలోంచి సగం లేచి, కూర్చోవాలో నిలబడాలో తెలియనట్టు ఉన్నాడు.

"ఏమైంది అత్తయ్యా?"

అత్తగారు కొడుకు వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "ఏమీ లేదమ్మాయ్. బళ్ళోంచి పరుగెత్తుకొచ్చింది. వెనక స్కర్టు చూశాను. దీనికీ తలనొప్పి మొదలైంది."

"దాంతో ఏమన్నారు?"

"ఏమంటాను? వీడు ఇక్కడే ఉన్నాడాయె. భయపడకే పిచ్చిదానా, తలనొప్పే, మీ అక్కకీ వచ్చేదిగా అన్నాను. అంతే! గావుకేక పెట్టి లోపల దూరి గడియేసుకుంది. మంచికి పోతే చెడు ఎదురైందట."

తల్లి చేతిలోని సంచీ కింద పెట్టలేదు, అదే జారిపోయింది.

ఆ మాట ఆ ఇంట్లోకి అత్తగారి అత్తగారి కాలంలో వచ్చింది. అప్పట్లో అందరూ ఒకటే గదిలో సర్దుకునేవాళ్ళు. మామగారు, మరుదులు, వచ్చేపోయే చుట్టాలు. మగవాళ్ళ ముందు అనడానికి ఒక మాట కావాల్సి వచ్చింది. "నాకు తలనొప్పిగా ఉంది" అంటే ఆడవాళ్ళకు తెలిసేది, మగవాళ్ళకు తెలిసేది కాదు. ఆ మాటను అత్తగారు కోడలికి అప్పగించింది. కోడలు పెద్దకూతురికి అప్పగించింది. చిన్నదానికి ఇంకా వయసు రాలేదని ఊరుకున్నారు. దానికి తలనొప్పి అంటే తలనొప్పే. ఆ జబ్బుతోనే అక్క చచ్చిపోయిందని దాని నమ్మకం.

"పిచ్చుకా! నేనమ్మా, తలుపు తియ్యి."

పుట్టినప్పటి నుంచి నోరు మూతపడదని ఆ పిల్లకు ఆ పేరు పెట్టారు. అక్క పోయాక నోరు మూతపడింది. పేరు మాత్రం మిగిలింది.

తల్లి గడియ దగ్గర తలుపు తట్టింది.

"పిచ్చుకా, ఎంత పోతోంది తల్లీ? కొంచెమా, ఎక్కువా? అదొక్కటి చెప్పు."

"ఏమిటి పోతోంది?" భర్త అడిగాడు. "ఎవరైనా నాకు చెప్తారా?"

"నువ్వు కాసేపలా వీధిలోకి వెళ్ళిరారా," అంది అత్తగారు. "ఆడవాళ్ళ గొడవ ఇది."

"అప్పుడూ ఇంతే. ఆడవాళ్ళ గొడవలు నా చెవిన పడనివ్వలేదు మీరు." అతని గొంతు పైకి లేవలేదు. "నేను వెళ్ళను."

"వెళ్ళకపోతే చెవులైనా మూసుకో."

తల్లి తలుపుకు నుదురు ఆనించింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చివర్లో అన్న మాటలు ఆమెను ఈ నెలలన్నీ వెంటాడుతూనే ఉన్నాయి. మీ పెద్దమ్మాయి రక్తం పుట్టుకతోనే త్వరగా గడ్డకట్టేది కాదు. పైగా తలనొప్పికని వేసిన ఆ మాత్రలు దాన్ని ఇంకా పలచన చేశాయి. తోడబుట్టిన పిల్లకూ ఈ గుణం ఉండవచ్చు. నెలసరి మొదలయ్యేలోపే తీసుకొచ్చి పరీక్ష చేయించండి, మందుంది. సరేనన్నారు ఇద్దరూ. ఇంటికొచ్చి వీధివాళ్ళందరికీ మెదడు జ్వరమని చెప్పారు. మెదడు జ్వరమన్నాక చెల్లెలికి ఆ పరీక్ష దేనికంటే ఏం చెప్పాలి? వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ ఉండిపోయారు.

"అమ్మా," అంది లోపలి గొంతు. "నేను చచ్చిపోతానా?"

"చావవు."

"నాయనమ్మ తలనొప్పంది. బళ్ళో కూడా అదే అన్నారు."

"బళ్ళో ఎవరన్నారు?"

"తొమ్మిదో క్లాసక్కలు. నీకు తలనొప్పి వచ్చిందే, వెనక చూసుకో అన్నారు. అక్క ఫ్రెండ్సు. వాళ్ళందరూ అలాగే అంటారట. అక్కే నేర్పిందట."

తల్లి వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూసింది. అత్తగారు నేల చూపులు చూసింది.

"ఇంకేమైనా అన్నారా ఎవరైనా?"

కుళాయి ఆగింది. "అబ్బాయిలు నవ్వారు. మీ నాన్న ప్రెస్సులో ఎర్రసిరా ఒలకబోశాడా అన్నారు. బల్ల మీద మరక చూపించి మరీ అన్నారు."

అచ్చుయంత్రం దగ్గర ఇరవయ్యేళ్ళుగా నిలబడి పనిచేస్తున్న మనిషి తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండే నలుపే ఉంది.

"విను పిచ్చుకా," అంది తల్లి. గొంతు పెంచింది, లోపలికి వినబడేలా. అలా పెంచితే వెనక ఉన్న అతనికీ వినబడుతుందని తెలుసు. "నీకు వచ్చింది తలనొప్పి కాదు. దాని పేరు నెలసరి."

"అమ్మాయ్!" అంది అత్తగారు. "మగాడి ముందు ఏమిటా మాట!"

"నెలసరి," అని మళ్ళీ అంది తల్లి. "కోటుకు లోపలివైపు మేము అస్తరు వేస్తామే, నువ్వు చూశావు కదా ఫ్యాక్టరీలో? మన కడుపు కింద గర్భసంచికి లోపల అలాంటి మెత్తటి పొర ఒకటి నెలనెలా తయారవుతుంది. బిడ్డ రాకపోతే దాంతో పని లేదు. రాలిపోతుంది. అదే రక్తంలా బయటికొస్తుంది. నాకు వస్తుంది. మీ నాయనమ్మకు వచ్చేది. మీ టీచర్లకు వస్తుంది. దెబ్బ తగిలి వచ్చే రక్తం కాదది, జబ్బూ కాదు."

"ఛీ ఛీ," అంది అత్తగారు మెల్లగా. "నన్ను కూడా లాగాలా ఇందులోకి!"

లోపల బకెట్టు జరిగిన చప్పుడైంది.

"మరి అక్కకి?"

భర్త వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"అక్కకీ ఇదే," అంది తల్లి. "అందరికీ నాలుగైదు రోజుల్లో ఆగిపోతుంది. అక్కకి ఆగలేదు. అలా ఆగకపోతే డాక్టరుకి చూపించాలి. మేము చూపించలేదు."

"మెదడు జ్వరమన్నారుగా?"

"అబద్ధం చెప్పాం."

"ఎందుకు?"

ఆ ప్రశ్న ఎవరిని అడిగిందో తెలియదు. తల్లి భర్తను చూసింది. భర్త తలుపును చూశాడు. చివరికి అత్తగారే అంది, "పోయిన పిల్ల గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకోకూడదని."

"నాన్న అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"విన్నాడా?"

"విన్నాడు."

"పొమ్మను."

అతను కళ్ళు మూసుకుని తెరిచాడు. "పోతానమ్మా. వీధి అరుగు మీద కూర్చుంటాను. ఆ గడియ ఒక్కటి తీసిపెట్టు. లోపల నువ్వు కళ్ళు తిరిగి పడిపోతే మేము ఎలా రావాలి?"

అతను వెళ్ళిన చాలాసేపటికి గడియ చప్పుడైంది.

పిల్ల తడిసిన యూనిఫారంతో మూలకు నిలబడి ఉంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. చల్లటి నీళ్ళ వల్లో మరి దేనివల్లో తల్లికి తెలియలేదు. తువ్వాలు చుట్టి, పొడిబట్టలు తొడిగి, ప్యాడు ఎలా పెట్టుకోవాలో చూపించింది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్లకు మిషన్‌లో దారం ఎక్కించడం చూపించినట్టు, ఒక్కో పని ఆగి ఆగి చూపించింది.

"ఇది తడిసిపోతే నాకు చెప్పాలి. వెంటనే. ఏ మాటతో చెప్తావు?"

"నెలసరి," అంది పిల్ల గోడకేసి చూస్తూ.

"నాన్న ఉన్నా?"

పిల్ల తువ్వాలు ముఖానికి కప్పుకుంది.

*

వీధి అరుగు మీద సైన్సు టీచరు నిలబడి ఉంది. చేతిలో పిచ్చుక పుస్తకాల సంచీ. భర్త లేచి నిలబడి కుర్చీ చూపిస్తున్నాడు. ఆమె కూర్చోవడం లేదు.

"ఎలా ఉందమ్మా?" అంది టీచరు తల్లిని చూసి. "చెప్పకుండా పరుగెత్తింది. నేను అప్పుడు పై అంతస్తులో ఉన్నాను. తెలిసేసరికే గేటు దాటేసింది."

"జ్వరం తగిలిందండీ," అంది అత్తగారు గడపలోంచి. "వాళ్ళ అక్కకు ఇలాగే వచ్చి మెదడుకెక్కింది కదా, పిల్ల బెదిరిపోయింది."

"నెలసరి వచ్చింది టీచరుగారూ," అంది తల్లి.

అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరు తల ఊపింది. ఆ సంగతి తెలిసే వచ్చినట్టుంది.

"నవ్విన పిల్లల్ని పిలిచి అడిగానమ్మా. తప్పయింది టీచర్ అన్నారు. ఏది తప్పని అడిగితే ఒక్కడికీ తెలియదు. తెలియకనే నవ్వారు. సైన్సు పుస్తకంలో ఆ పాఠం ఉంది. ఏటా ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి ఆడపిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టమంటారు, మగపిల్లల్ని ఆటకు పంపమంటారు. ఈ ఏడు అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి చెప్తానన్నాను. హెడ్మాస్టరుగారు ఇళ్ళ నుంచి గొడవలొస్తాయన్నారు. తల్లిదండ్రుల్లో ఎవరైనా ఒక్కరు వచ్చి అడిగితే ఆలోచిద్దామన్నారు. మిమ్మల్నే అడుగుదామని వచ్చాను."

"మా ఇంటినే ఎందుకు?" అన్నాడు భర్త.

"ఈ రోజు జరిగింది మీ అమ్మాయికి కనుక. ఇంకొకటి కూడా ఉంది." టీచరు సంచీని కుర్చీలో పెట్టింది. "తొమ్మిదో తరగతి ఆడపిల్లలు దీన్ని తలనొప్పి అంటున్నారు. అదొక రహస్యభాష వాళ్ళకి. మగ మాస్టర్ల దగ్గరా అదే చెప్పి ఆటల పీరియడ్ ఎగ్గొడతారు. నవ్వుకుని ఊరుకున్నాను మొదట్లో. మీ పెద్దమ్మాయే నేర్పిందని ఈ రోజే తెలిసింది."

"తలనొప్పంటే ఏం చేస్తారు బళ్ళో?" భర్త ఉన్నట్టుండి అడిగాడు.

"ఏం చేస్తారు? ఆఫీసు గదిలో ప్యూను దగ్గరికి పంపిస్తారు."

"ప్యూనేం చేస్తాడు?"

"మాత్ర ఇస్తాడు."

"ఏ మాత్ర?"

టీచరు అతని ముఖం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "తలనొప్పి మాత్రేనండీ. పేరు నాకు తెలియదు. ఏం?"

అతను చొక్కాజేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ జేబులో ఇప్పుడేమీ ఉండదు. ప్రెస్సులో యంత్రాల రొదకు, సిరా వాసనకు తల పగిలిపోతున్నా అతను మాత్ర వేసుకోవడం మానేశాడు.

టీచరే మళ్ళీ అంది, "నేనేమైనా అనకూడనిది అన్నానా?"

అప్పుడు తల్లి చెప్పింది. నిలబడే చెప్పింది. ఆ రోజు తాను ఫ్యాక్టరీలో ఉంది. మిషన్ల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. అత్తగారు కూతురింటికి వెళ్ళింది. పెద్దపిల్ల సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, మా అమ్మకు చెప్పండి, తలనొప్పి చాలా ఎక్కువగా ఉందని చెప్పండి అంది. నెలనెలా వచ్చేదే కదా అనుకుని, పడుకోమనండి అని కబురు పెట్టింది తాను. ఇంట్లో తండ్రికీ పిల్ల అదే మాట చెప్పింది. ఆయన నిజంగా తలనొప్పే అనుకుని తన మాత్ర ఇచ్చాడు. తగ్గలేదంటే ఇంకోటి ఇచ్చాడు. తాను పొద్దుపోయి వచ్చేసరికి పిల్ల నిద్రలో ఉంటే లేపలేదు. మర్నాడూ ఆయన ఇచ్చాడు. ఆ మాత్రతో రక్తం ఇంకా పలచబడింది. పిల్ల తండ్రికి అసలు మాట చెప్పలేకపోయింది. చెప్పకూడదని నేర్పిందీ తామే.

"మెదడు జ్వరమని మేము ప్రార్థనలో మౌనం కూడా పాటించాం," అంది టీచరు.

"చాల్లే," అన్నాడు భర్త. "చెప్పింది చాల్లే."

"చాలదండీ," అంది తల్లి. "ఆ మాట బళ్ళో ఇంకా తిరుగుతోంది. అక్కడ ఎవరి పిల్లకో ఇదే గుణం ఉంటే? సోమవారం నేను వెళ్తాను. హెడ్మాస్టరును అడుగుతాను. పాఠం చెప్పేటప్పుడు పిల్లల ముందు నిలబడి మన పిల్లకు ఏమైందో కూడా చెప్తాను."

"ఏమని చెప్తావు? మాత్ర ఎవరిచ్చారంటే ఏమంటావు?" అతను అరవలేదు. అరిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. "ఊరందరి ముందు నా బిడ్డను నేనే చంపుకున్నానని నిలబెడతావా నన్ను? రేపు ప్రెస్సులో నా పక్కన ఎవడు నిలబడతాడు?"

"తలనొప్పన్న మాట ఇచ్చింది నేను. మాత్ర ఇచ్చింది మీరు. ఇద్దరి సంగతీ చెప్తాను."

"నా సంగతి చెప్పడానికి నువ్వెవరు?"

"మరి మీరే వచ్చి చెప్పండి."

అత్తగారు గడపలో కూలబడింది. "ఇల్లు గుల్ల చేసుకుంటార్రా మీరు! పోయినదాన్ని పోనివ్వండి. ఉన్నదాని బతుకు చూడండి. రేపు దాన్ని చూసి వేలెత్తి చూపించరూ?"

"ఉన్నదాని బతుకే చూస్తున్నాను అత్తయ్యా."

"నా గురించి చెప్తే నేను బడికి వెళ్ళను."

అందరూ వెనక్కి తిరిగారు. పిచ్చుక తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"నీ గురించి చెప్పనమ్మా," అంది టీచరు.

"అక్క గురించి చెప్తే నా గురించి చెప్పినట్టే. అబ్బాయిలు ఇంకా నవ్వుతారు. మీకేం తెలుసు? మీరు పై అంతస్తులో ఉంటారు." తర్వాత తల్లి వైపు తిరిగింది. దాని కళ్ళలో నీళ్ళు లేవు. "అమ్మా, తడిసిపోయింది."

"అప్పుడేనా?"

"ఊఁ."

ఇప్పుడే కదా పెట్టింది అనబోయి తల్లి ఆగింది. భర్త ఆమెను చూశాడు. ఆమె అతన్ని చూసింది. పెద్దపిల్ల పోయాక వాళ్ళిద్దరూ ఒకరినొకరు అలా సూటిగా చూసుకోవడం అదే మొదలు.

"ఆటో పిలుస్తాను," అన్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్లు దిగిపోయాడు.

అత్తగారు సాయం పట్టబోతే పిచ్చుక చెయ్యి వదిలించుకుంది. ముసలామె గోడ పట్టుకుని నిలబడింది. "నేను దాన్ని ఓదారుద్దామనే అన్నానే," అంది కోడలితో. "తలనొప్పంటే భయపడదనుకున్నాను." కోడలు పిల్లకు దుప్పటి చుడుతూ ఉండిపోయింది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా అప్పుడు తీరిక లేదు.

ఆటో వచ్చి ఆగేసరికి ఎదురింటి దర్జీ కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు. కష్టంలో అడిగినా అడగకపోయినా వచ్చే మనిషి. పెద్దపిల్ల పోయినప్పుడు మొదట వచ్చి తలుపు దగ్గర నిలబడింది అతనే. అతనికీ ఇద్దరు ఆడపిల్లలు, ఒకత్తె తొమ్మిదో తరగతి.

"ఏమైంది బావా?" అన్నాడు, చుట్టరికం లేకపోయినా పిలిచే పిలుపుతో. "పాప అలా ఉందేం?"

భర్త ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. తల్లి లోపల పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆ నోటి వైపే చూసింది. వెనక అరుగు మీద టీచరు కూడా చూస్తోంది.

"జ్వరం," అన్నాడు అతను.

"అయ్యయ్యో, మళ్ళీనా!" అన్నాడు దర్జీ. "జాగ్రత్త బావా, మెదడుకెక్కకుండా చూసుకోండి."

పిచ్చుక తండ్రి వైపు ఒకసారి చూసి, ముఖం తల్లి పొట్టలో దాచుకుంది. ఆటో కదిలింది. అతను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు, వెనక్కి తిరగలేదు. దుప్పటి కింద తల్లి అరచేతికి తడి తగిలింది.

ఆస్పత్రి ఇంకా దూరం ఉంది. చిన్నపిల్లకు రక్తపరీక్ష ఇంకా చేయించలేదు. దర్జీ కూతురికి, ఆమె పక్కన బల్ల మీద కూర్చునే పిల్లలకు ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.